గాలివానలో పట్టిన నిద్ర

మిగిలిన సూదులు వేయించుకునేది లేదని పెద్ద డాక్టరు మొహం మీదే చెప్పేసి, సంచీ భుజాన తగిలించుకుని ఇన్సాఫ్ బయటికి వచ్చేసిన దగ్గర కదా మనం ఆగాం!

అలెగ్జాండ్రియాలోని అన్ఫూషీ చేపల రేవులో వేలం పాడే ఇన్సాఫ్ అంటే సామాన్యురాలు కాదు. ఆమె గొంతెత్తి ధర చెబితే దూరంగా లంగరు వేసిన పడవల్లో వాళ్లు కూడా తలతిప్పి చూసేవారు. మీసాలు మెలేసే వర్తకులు ఆమెను "ముఅల్లిమా", అంటే యజమానురాలా, అని గౌరవంగా పిలిచి, పాట ముగిసేదాకా నోరెత్తేవారు కాదు. అలాంటి మనిషికి క్యాన్సరని ఒక రొమ్ము తీసేస్తే ఓర్చుకుంది. జుట్టంతా ఊడిపోతే "వేసవికి చల్లగా ఉంటుందిలే" అని నవ్వేసింది. ఓర్చుకోలేకపోయింది అలసటను. ఎముకల్లో తడి ఇసుక నింపినట్టు ఉండే ఆ అలసట పడుకుంటే పోదు. పడుకుంటే అసలు నిద్రే రాదు. కళ్లు మూసుకుంటే ఒళ్లంతా ఆవిర్లు, తెరిస్తే పైకప్పు. చివరికి ఆ నిద్ర లేకపోవడమే ఆమె చేత సూదులు వద్దనిపించింది.

ఆసుపత్రి మెట్ల మీద ఆమెను ఆపింది ఇరీనీ. అక్కడ ఆపరేషన్ అయిన ఆడవాళ్లకు చేతుల కసరత్తు చేయించే అమ్మాయి. "మానేస్తే మానేద్దురుగాని, దానికి తొందరేముంది? ముందు కొన్నాళ్లు నా యోగా క్లాసుకు రండి. మిమ్మల్ని గంతులు వేయమనను. పడుకోమంటాను, అంతే" అంది. ఇన్సాఫ్‌కు నవ్వొచ్చింది. నవ్వించిన మనిషిని కాదనలేక సరేనంది. మొదట్లో ఆ చాప మీద పడుకుని ఏడ్చింది, విసుక్కుంది, ఇరీనీని తిట్టింది కూడా. తర్వాత్తర్వాత మధ్యాహ్నాలు కాస్త కునుకు, తెల్లవారుజామున కాస్త మగత దొరకసాగాయి. ఈ క్లాసు సంగతి భర్త ఫత్హీకి తప్ప ఇంకెవరికీ చెప్పలేదు. ముఖ్యంగా ఫత్హీ అక్క తహానీకి చెప్పలేదు.

ఇలా ఉండగా మక్నసా గాలివాన వచ్చింది.

ఏటా చలికాలం మొదట్లో సముద్రం మీద నుంచి వచ్చి ఊరంతా ఊడ్చిపెట్టి పోయే ఆ గాలివానకు మక్నసా, అంటే చీపురు, అని పేరు పెట్టినవాళ్లకు దాని సంగతి బాగా తెలుసు. ఈసారి అది అలెగ్జాండ్రియా మీద కక్ష కట్టినట్టు వచ్చింది. మేడల మీది డిష్ యాంటెనాలు ఎగిరి పక్క వీధుల్లో పడ్డాయి. ఇన్సాఫ్ వాళ్ల పడకగది కిటికీ రెక్క ఊడి, గోడకు కొట్టుకుని, కింద దుకాణం రేకు మీద పడి బాంబు పేలినట్టు మోగింది. వీధి వీధంతా లేచి కూర్చుని అల్లాను తలుచుకుంది.

తెల్లారి బాగా పొద్దెక్కాక ఇన్సాఫ్ కళ్లు తెరిచింది. తెరిచేసరికి ముక్కు కింద కోసిన ఉల్లిపాయ ఉంది. ఉల్లిపాయ వెనక కింది వాటా ఆవిడ కన్నీళ్లు కారుస్తోంది. మంచం అంచున తహానీ వదిన కూర్చుని ముందుకూ వెనక్కూ ఊగుతూ ఖురాను వాక్యాలు చదువుతోంది. ఫత్హీ ఒక కాలు ప్యాంటులో, ఒక కాలు బయట పెట్టి, ఫోను చెవికి ఆనించుకుని, "అంబులెన్సా? అంబులెన్సా?" అని అరుస్తున్నాడు.

ఇన్సాఫ్ హడలిపోయింది.

"ఎవరు పోయారు?" అంది.

తహానీ చదవడం ఆపింది. కింది వాటా ఆవిడ చేతిలో ఉల్లిపాయ జారి దుప్పటి మీద పడింది.

"నువ్వేనే!" అని తహానీ కేక పెట్టింది. "నువ్వే పోయావు! కిటికీ ఊడిపడితే లేవలేదు. పిడుగు పడితే లేవలేదు. నేను భుజం పట్టుకుని కుదిపితే లేవలేదు. మా తమ్ముడు నీ నోటి దగ్గర అద్దం పెట్టి చూశాడే!"

"అద్దం మసకబారిందక్కా, నేను చెప్తూనే ఉన్నా" అన్నాడు ఫత్హీ.

"నీ చేతులు వణుకుతుంటే అద్దంలో ఏం కనపడి చచ్చింది?"

ఇన్సాఫ్ లేచి కూర్చుంది. గదిలో ఎండ పడుతోంది. కిటికీ ఉండాల్సిన చోట నీలం రంగు ఆకాశం ఉంది. నేల మీద వాననీళ్లు నిలిచాయి. ఆమె తన చేతుల్ని చూసుకుంది. నాలుక పెదవుల మీద ఆడించి చూసుకుంది. ఏదో తేడాగా ఉంది. అదేమిటో తెలియడానికి కాస్త సమయం పట్టింది.

"నేను నిద్రపోయాను" అంది.

ఎవరికీ అర్థం కాలేదు.

"ఫత్హీ! నేను నిద్రపోయానయ్యా! రాత్రి పడుకున్నాను, ఇప్పుడు లేచాను. మధ్యలో ఏమీ లేదు! కల కూడా లేదు!"

ఫత్హీ ఫోను మంచం మీదికి విసిరేశాడు. పడవల ఇంజన్లు బాగుచేసే ఆ పెద్దమనిషి మామూలుగా నోట్లో నాలుక లేనివాడు. అలాంటివాడు ఒంటికాలి ప్యాంటుతోనే గది మధ్యలో గిర్రున తిరిగి చేతులు పైకెత్తి నాట్యం చేశాడు. కింది వాటా ఆవిడ ఏడుపు మొహం తుడుచుకోకుండానే నాలుక ఆడించి, పెళ్లిళ్లలో పెట్టే కూత పెట్టింది. ఆ కూత విని ఎదురింటి బాల్కనీలోంచి ఎవరో, "ఏంటమ్మా, సంబంధం కుదిరిందా?" అని అరిచారు. "మా ఇన్సాఫ్ నిద్రపోయింది!" అని కింది వాటా ఆవిడ జవాబు అరిచింది. అవతలి బాల్కనీ ఏమనుకుందో ఏమో, అది కూడా కూత పెట్టింది.

"ఆకలేస్తోంది" అంది ఇన్సాఫ్.

ఆ మాటకు తహానీ కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. ఆ ఇంట్లో ఆ మాట వినపడి ఎన్నాళ్లయిందో! లేచి వంటింట్లోకి పరుగెత్తింది. కాసేపటికి ఉడికిన చిక్కుళ్లను నూనె, జీలకర్ర, నిమ్మరసం వేసి మెదిపి, వేడి రొట్టెలతో పళ్లెం తెచ్చి ముందు పెట్టింది. తనే తుంచి ఇన్సాఫ్ నోట్లో పెట్టబోయింది. తహానీ అంతే. ప్రేమొచ్చినా కోపమొచ్చినా చేతులు ఊరుకోవు. చిన్నతనంలోనే తల్లి పోతే ఫత్హీని ఎత్తుకుని పెంచింది. భర్త పోయాక తమ్ముడి ఇంట్లోనే ఉండిపోయింది. ఇన్సాఫ్‌కు జబ్బని తెలిసిన రోజు నుంచి ప్రతి సూదికీ పక్కన కూర్చుంది. ఆమె మాటంటే ఆ ఇంట్లో తిరుగులేదు.

"ఆ డాక్టరు ఏదో కొత్త మందే ఇచ్చినట్టున్నాడు. దాని పేరేంటో చెప్పవే. నాక్కూడా నిద్ర పట్టి చావట్లేదు" అంది సంబరంగా.

ఇన్సాఫ్ నోటి నిండా రొట్టె ఉంది. అప్పుడు నోరు జారినవాడు ఫత్హీ.

"మందూ లేదు, మాకూ లేదక్కా. అదంతా ఆ యోగా..."

అనేసి నాలుక కరుచుకున్నాడు.

"ఏంటీ? మళ్లీ అను" అంది తహానీ.

"యోగం అక్కా, యోగం. మన యోగం బాగుందంటున్నా."

"నీ యోగం సంగతి తర్వాత చూస్తా. ఏమే, ఏం చేస్తున్నావు నువ్వు?"

ఇక దాచి లాభం లేదు. ఇన్సాఫ్ రొట్టె మింగి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆసుపత్రి పై అంతస్తులో హాలు ఉందనీ, తనలాంటి వాళ్లు అక్కడ చేరతారనీ, కుర్చీ మీద కాళ్లు ఎత్తి పెట్టుకుని ఊపిరి నెమ్మదిగా వదలడం నేర్పుతారనీ చెప్పింది. నిన్న పడుకునే ముందు కూడా అలాగే చేసిందట. కాలివేళ్ల నుంచి మొదలుపెట్టి ఒంట్లో ఒక్కో చోటునూ వదిలేసుకుంటూ, పడవ తాడు వదులు చేసినట్టు చేస్తూ పోతే, మోకాళ్లు దాటాక ఏమైందో ఆమెకే తెలియదట.

తహానీ మొహం ఎర్రబడింది. "టీవీలో మతం సంగతులు చెప్పే ఆయన అన్నాడు, నేను విన్నా. సూర్యుడికి దండాలు పెట్టిస్తారట. అర్థం తెలీని మంత్రాలు చదివిస్తారట. అది హిందూదేశం నుంచి వచ్చిందట!"

"మిరియాలూ అక్కణ్ణించే వచ్చాయి వదినా. నువ్వు సూపులో దంచి వెయ్యట్లేదా?"

"నాతో పరాచికాలాడకు!"

"పరాచికం కాదు. నేను ఎవరికీ దండం పెట్టలేదు. పెట్టే ఓపికే ఉంటే నమాజే సరిగ్గా చేసుకుందును కదా."

తహానీ పళ్లెం కేసి చూసింది. పళ్లెం లాక్కుంటుందేమోనని ఫత్హీ భయపడ్డాడు. ఆమె పళ్లెం జోలికి పోలేదు. మాట్లాడినప్పుడు గొంతు తగ్గింది.

"చేతి కసరత్తుకు పోతున్నానని నాతో చెప్పావు. నువ్వొచ్చేసరికి వేడిగా ఉండాలని నేను పులుసు పొయ్యి మీద పెట్టుకుని కూర్చునేదాన్ని. నువ్వు నాకు అబద్ధం చెప్పావే."

ఇన్సాఫ్‌కు చివుక్కుమంది. "నిజం చెప్తే పోనిచ్చేదానివా?"

"పోనిచ్చేదాన్ని కాదు!"

"మరింకేం!"

"ఇవాళ కూడా ఉందా ఆ భాగోతం?"

"మధ్యాహ్నం ఉంది."

"నేనూ వస్తున్నా" అని తహానీ లేచి పైన కప్పుకునే నల్లబట్ట తీసుకుంది. "ఆ పిల్లెవరో, దాని సంగతేంటో తేల్చుకుంటా. మా మరదల్ని మాకు తెలీకుండా మార్చడానికి దానికెవరిచ్చారు హక్కు? ఆ హాలుకి తాళం వేయించి గానీ ఇంటికి రాను!"

వీధుల్లో నీళ్లు పారుతున్నాయి. ట్రాము పడవలా కదిలింది. దారి పొడుగునా తహానీ ఏం అడగాలో ఏం తిట్టాలో పెదవులతో సాధన చేసుకుంటూనే ఉంది. ఇన్సాఫ్ కిటికీలోంచి సముద్రం కేసి చూసింది. అలలు గోడ దాటి రోడ్డు మీదికి నురగ విసురుతున్నాయి. ఆమెకు లోపల పిల్లల పండగలా ఉంది. పక్కన కూర్చున్న యుద్ధం సంగతి తెలిసీ నవ్వు ఆగలేదు.

ఆసుపత్రి మెట్లెక్కేటప్పుడు మలుపులో ఆగాల్సి వచ్చింది. ఒక్క నిద్రతో అలసట ఎక్కడికి పోతుంది? కాళ్లు లాగాయి, గుండె దడదడలాడింది. కానీ ఆ అలసట జబ్బుదిలా లేదు. రేవులో గంపలు దించి కూర్చున్నప్పుడు వచ్చే అలసటలా ఉంది. అలాంటిదాన్ని ఆమె ఎరుగును. దానితో ఆమెకు తగువు లేదు.

హాలులో చాపలు పరిచి ఉన్నాయి. గోడ వెంట కుర్చీలు, దిండ్లు. టోపీలు పెట్టుకున్నవాళ్లు, స్కార్ఫులు కట్టుకున్నవాళ్లు, ఏమీ లేకుండా నున్నటి తలలతో కూర్చున్నవాళ్లు, అందరూ గాలివాన కబుర్లు చెప్పుకుంటున్నారు. మెడలో చిన్న శిలువతో ఇరీనీ తువ్వాళ్లు చుట్టలు చుడుతోంది.

తహానీ చెప్పులు విడవకుండా గుమ్మంలో నిలబడి, వీధి చివరికి వినపడేట్టు అడిగింది. "ఇక్కడెవరికి మొక్కిస్తున్నావమ్మా మా ఆడవాళ్ల చేత?"

కబుర్లు ఆగిపోయాయి.

"ఎవరికీ మొక్కించట్లేదండీ" అంది ఇరీనీ. "ఊపిరి తీయిస్తున్నాను."

"అదే కదా నా భయం!"

ఎవరో ఫక్కున నవ్వారు. తహానీ నవ్వలేదు. "ఊపిరి ఒకరు నేర్పాలా? మా తాతముత్తాతలు ఎవరి దగ్గరా నేర్చుకోకుండానే పీల్చారు, వదిలారు, పోయారు!"

గోడ పక్కన కూర్చున్న ముసలావిడ చేత్తో గాలి విసురుకుంటూ అందుకుంది. ఆవిడ పేరు హాజ్జా నఫూసా. నైలు నది సముద్రంలో కలిసే రషీద్ ఊరి నుంచి ప్రతిసారీ బస్సులో వస్తుంది. "ఓ తల్లీ, కూర్చుంటే కూర్చో. అట్లా గుమ్మానికి అడ్డంగా నిలబడి మా గాలంతా నువ్వే పీల్చేస్తే మేమేం పీల్చాలి?"

"హజ్ చేసొచ్చిన మనిషివి, నువ్వు కూడానా?" అంది తహానీ.

"చేసొచ్చాను కనకే వచ్చాను. ఆ సూదులు మొదలైనప్పటి నుంచి నడుము వంగితే ఒట్టు. కుర్చీలో కూర్చుని నమాజు చేసేదాన్ని. మొన్న శుక్రవారం నుదురు నేలకు ఆనింది. ఆనించి ఎంతసేపున్నానో తెలుసా? మా కోడలు నేను పోయాననే అనుకుంది!"

ఈసారి హాలంతా నవ్వింది. "మా ఇంట్లోనూ పొద్దున నన్ను చంపేశారు" అంది ఇన్సాఫ్.

ఇరీనీ తహానీ దగ్గరికి వచ్చింది. "మీరు అడిగింది మంచిదే. ఇది మందు కాదండీ. మందు ఆ సూదిలోనే ఉంది. జబ్బును కొట్టేది అదే. ఇది ఆ సూదుల్ని మోసే ఒంటికి కాస్త ఆసరా, అంతే. ఆపరేషనైన చేతి మీద బరువు పెట్టించను. నొప్పంటే ఆపేస్తాను. మంత్రాలు లేవు. కావాలంటే మీరు ఖురాను మనసులో చదువుకుంటూ చేయండి, ఈ హాజ్జా అలాగే చేస్తారు. కూర్చుని చూడండి. తప్పు కనపడితే మీరే చెప్పండి, తలుపు వేసేద్దాం."

తహానీ తెచ్చుకున్న తిట్లకు చోటు దొరకలేదు. ఇన్సాఫ్ సమయం చూసి ఒక పుల్ల వేసింది. "పోనీలే ఇరీనీ, మా వదినకు భయం."

"నాకా? భయమా?"

చెప్పులు గోడకు ఎగిరిపడ్డాయి. తహానీ వచ్చి ఇన్సాఫ్ పక్క చాప మీద, దండెత్తి వచ్చిన సైన్యంలా వెల్లకిలా పడుకుంది.

"కళ్లు మూసుకోను. ముందే చెప్తున్నా."

"అవసరం లేదండీ" అంది ఇరీనీ.

కాళ్లు కుర్చీల మీదికి ఎక్కాయి. ఊపిరి లోపలికి, దానికంటే నెమ్మదిగా బయటికి. ఇరీనీ మాటలు తక్కువ. బయట గాలి ఇంకా కిటికీ అద్దాలను గీరుతోంది. కాసేపటికి తహానీ రెప్పలు వాటంతట అవే వాలాయి. ఇన్సాఫ్ ఓరకంట చూసి లోలోపల మురిసిపోయింది. గెలిచాను అనుకుంది. రేవులో మొండి వర్తకుణ్ణి దారికి తెచ్చినప్పుడు కూడా ఆమెకు ఇంత సంతోషం కలగలేదు.

"ఇప్పుడు చేతులు నెమ్మదిగా తలమీదుగా వెనక్కి. ఎంతవరకు పోతే అంతవరకే" అంది ఇరీనీ.

ఇన్సాఫ్‌కు ఒక చెయ్యి వెనక నేలను తాకింది. ఆపరేషనైన వైపుది సగంలో ఆగింది. పక్కకు తిరిగి చూసింది. తహానీకి ఏ ఆపరేషనూ కాలేదు. అయినా ఆమె ఎడమ చెయ్యి సగంలోనే ఆగింది. నుదుటి మీద గీత పడింది. కుడిచెయ్యి మెల్లగా పాకి ఎడమ చంకలోకి పోయి, ఒక చోట రెండు వేళ్లతో నొక్కి, వెంటనే అక్కణ్ణించి పారిపోయి, స్కార్ఫు సర్దుకుంటున్నట్టు మెడ దగ్గర ఆగింది.

ఇన్సాఫ్ తన చేతులు దించేసింది.

ఆ చెయ్యి పోయిన దారి ఆమెకు తెలుసు. తను చేపలు తూస్తూ, డబ్బులు అందుకుంటూ, నిలబడి నవ్వుతూ కూడా అలాగే వేళ్లు పంపేది. ఆ గడ్డ ఇంకా ఉందా, పోయిందా అని చూసుకునేది. ఎవరూ చూడలేదనుకునేది. నిజంగానే ఎవరూ చూడలేదు.

ఇరీనీ అందర్నీ దుప్పట్లు కప్పుకోమంది. ఒంట్లో ఒక్కో చోటునూ వదిలేయమంది. హాలంతా సద్దుమణిగింది. రాత్రంతా జాగారం చేసిన తహానీ అంతలోనే గుర్రు పెట్టసాగింది. ఇన్సాఫ్ మాత్రం కాలివేళ్ల దగ్గరే ఆగిపోయింది. కళ్లు తెరుచుకుని పైకప్పు చూస్తూ, పక్కనే లేచి పడుతున్న ఆ గుర్రు వింటూ ఉండిపోయింది.

క్లాసు ముగిశాక తహానీ లేచి కూర్చుని చుట్టూ చూసింది. దిండు గుర్తు చెంప మీద పడింది. అందరూ తీర్పు కోసం ఎదురుచూస్తున్నారు.

"తప్పేం కనపడలేదు" అంది బింకంగా. "అంటే, చూశానా, తప్పు చేస్తే తెలిసిపోయేదే."

"చూడ్డం కాదమ్మా, వినపడింది కూడా!" అని హాజ్జా నఫూసా గుర్రు పెట్టి చూపించింది. హాలు కూతలతో మోగిపోయింది. తహానీ కూడా ఇక ఆపుకోలేక నవ్వేసి ఇరీనీ చెంపలు రెండూ పట్టుకుని ముద్దు పెట్టుకుంది. "ఎల్లుండి వచ్చేటప్పుడు మీ అందరికీ బిస్కట్లు చేసి తెస్తా" అని ప్రకటించింది. ఆ సందట్లో ఇన్సాఫ్ నవ్వకపోవడం ఎవరూ గమనించలేదు.

మెట్ల మలుపు దగ్గరికి రాగానే ఇన్సాఫ్ ఆమె మోచెయ్యి పట్టుకుని ఆపింది.

"ఎన్నాళ్లనుంచి వదినా?"

"ఏంటి ఎన్నాళ్లనుంచి?"

"చంకలో."

తహానీ నవ్వు మొహం మీదే ఆగింది. "అదా! నరం పట్టిందే. పిండి పిసికీ పిసికీ."

"నేనూ అదే చెప్పాను. గంపలు మోసీ మోసీ అని."

కింద ఎక్కడో మంచం చక్రాలు గడగడలాడుతూ పోయాయి. తహానీ మొహం తిప్పుకుంది.

"పోయిన రంజాన్ నుంచి" అంది.

ఇన్సాఫ్ రేవు గొంతు బయటికి వచ్చింది. "మతిపోయిందా నీకు? నన్ను ఈ ఆసుపత్రికి ఈడ్చుకొచ్చింది నువ్వు! ప్రతి సూదికీ నా పక్కన కూర్చుంది నువ్వు! అన్నిసార్లు ఆ డాక్టర్ల ముందు నిలబడి ఒక్క మాట, ఒక్క మాట..."

"నీ పక్కన కూర్చునే కదే అంతా చూశాను!" తహానీ కూడా గొంతెత్తింది. "నీ వాంతులు నేనే ఎత్తాను. ఊడిన జుట్టు నేనే ఊడ్చాను. నిద్ర రాక గోడకేసి తల కొట్టుకుంటుంటే నేనే పట్టుకున్నాను. అంతా చూశాక ఎవరికొస్తుంది ధైర్యం? నువ్వు దీన్ని దాటితే నేనూ పోయి చూపించుకుందామనుకున్నా. నీ అంత గట్టిదే దాటలేకపోతే ఇక నేను తెలుసుకుని ఏం చేయను? అట్లా రోజులు లెక్కపెట్టుకుంటూ ఉంటే, నువ్వొచ్చి సూదులు మానేశానన్నావు."

ఇన్సాఫ్ ఆమె మోచెయ్యి వదిలేసింది. మానేస్తానన్నప్పుడు అది తన ఒంటి సంగతే అనుకుంది. తన ప్రాణం, తన ఇష్టం అనుకుంది. ఆ మాట ఇంట్లో ఇంకొకరి మీద కూడా పడిందని ఆమెకెలా తెలుస్తుంది?

"పొద్దున నేను పోయానని ఖురాను చదివావే" అంది చివరికి. "అది ఎవరికోసం?"

"ఇద్దరికోసం."

ఇన్సాఫ్ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. "పద."

"ఎక్కడికి?"

"పెద్ద డాక్టరు గదికి. ఇప్పుడే."

తహానీ రెండో చేత్తో మెట్ల కమ్మీ పట్టేసుకుంది. ఇన్సాఫ్ లాగితే కమ్మీ కదిలిందే గానీ తహానీ కదల్లేదు. "ముందు నువ్వు చెప్పు. మిగిలినవన్నీ వేయించుకుంటానని ఆయన ముందు చెప్పు. అప్పుడు నేను చూపించుకుంటా."

"నేను చెప్పాక నువ్వు జారుకుంటావు. ముందు నువ్వు."

"నువ్వు!"

"వదినా, నాతో బేరమా? నేను దీంట్లోనే పుట్టాను. ఇద్దరం ఒకేసారి. ఇదే ఆఖరి పాట."

తహానీ కమ్మీ వదిలింది. ఒక్కో వేలే వదిలింది. "ఒక్క షరతు. ఫత్హీకి తెలియకూడదు. వాడు మా అమ్మ పోయినప్పుడు అన్నం మానేసి నా కొంగు పట్టుకుని తిరిగాడే. ఏదో ఒకటి తేలేదాకా వాడికి చెప్పకు. ఒట్టు వెయ్యి."

ఇన్సాఫ్ ఒట్టు వేసింది. ఆగితే వదిన మనసు మారిపోతుందని ఇక ఎక్కడా ఆగలేదు. ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని నడవా చివరిదాకా ఉరికినంత పని చేశారు. తలుపు దగ్గర కొత్త నర్సు కుర్చీ ఎత్తి లోపల పెడుతోంది.

"టైమైపోయిందండీ. డాక్టరుగారు వెళ్లిపోతున్నారు."

"ప్రాణం పోయే పనమ్మా" అంది ఇన్సాఫ్ రొప్పుతూ.

నర్సు వాళ్లిద్దర్నీ మార్చి మార్చి చూసింది. "సరే, ఒక్కరినే పంపగలను. మీలో పేషెంటెవరు?"

"ఈవిడే!" అని తహానీ ఇన్సాఫ్‌ను చూపించింది.

"ఈవిడే!" అని ఇన్సాఫ్ తహానీని చూపించింది.

రెండు మాటలూ ఒక్కసారే వచ్చాయి. రెండు వేళ్లూ ఒక్కసారే లేచాయి. అప్పుడే వెనక మెట్ల మీద తడిబూట్ల చప్పుడు వినిపించింది.

"అక్కా! మళ్లీ వాన పట్టి ట్రాములు ఆగిపోయాయి, బండి తెచ్చాను! కింద ఇరీనీ చెప్పింది, నువ్వు కూడా చేశావటగా, గుర్రు కూడా పెట్టావటగా..."

నవ్వుతూ వచ్చిన ఫత్హీ నడవా మధ్యలో ఆగిపోయాడు. వాన చినుకులు అతని భుజాల మీద నుంచి కారుతున్నాయి. భార్య తన అక్క వైపు చూపిస్తున్న వేలు ఇంకా గాలిలోనే ఉంది. దాన్ని దించాలని ఇన్సాఫ్‌కు తోచలేదు.

"అడిగేది మిమ్మల్నేనండీ" అంది నర్సు. "చూపించుకోవలసింది ఎవరు?"

ఫత్హీ చూపు ఆ వేలి చివర నుంచి కదిలి, ఎడమ చెయ్యి ఒంటికి బిగించి పట్టుకున్న తహానీ మీద ఆగింది.

"అక్కా?" అన్నాడు.